మంచం ఖాళీ ఉందా ఆంటీ?

మా హాస్టల్ రిజిస్టర్లో పేరు, సొంతూరు, నాన్న ఫోను, ఆధార్ నంబరు, చదివిన కాలేజీ, మంచం నంబరు, కంపెనీ అని గళ్లు గీసి ఉంటాయి. పోలీసువాళ్లు వచ్చి అడిగితే చూపించడానికి పెట్టిన పుస్తకం అది. మిగతా గళ్లు ఒకసారి నింపితే సరిపోతుంది. కంపెనీ గడిలోనే చోటు చాలదు. ఒక పేరు రాస్తాం. ఏడాది తిరక్కుండానే దాన్ని కొట్టేసి పక్కన ఇంకోటి, అదీ కొట్టేసి పైన ఇరికించి మూడోది. మూడు కంపెనీలు మారినా ఒక అమ్మాయి మంచం మాత్రం అదే 204-బి. మాదాపూర్లో ఇన్ని స్టార్టప్‌లు ఎందుకు పుడుతున్నాయని ఎవరైనా అడిగితే నేను ఆ పేజీ తీసి చూపిస్తాను.

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. మా ఆయన ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. 2009లో వంద అడుగుల రోడ్డుకు రెండు గల్లీలు లోపల ఒక బిల్డింగు లీజుకు తీసుకుని ఆడపిల్లల హాస్టల్ పెట్టాం. బిల్డింగు మాది కాదు; ఓనరు ఇంకెక్కడో ఉంటాడు, ఒకటో తారీఖుకి ఆయన ఖాతాలో డబ్బు పడాలి, పడుతుంది. అప్పట్లో వచ్చినవాళ్లలో ఎక్కువమంది పెద్ద కంపెనీల పిల్లలు. గేటు ముందుకే క్యాబ్ వచ్చేది. ఇప్పుడు సగానికి సగం పదిమందో ముప్పైమందో పనిచేసే చిన్న కంపెనీల వాళ్లు. పొద్దున చెప్పులేసుకుని నడిచి వెళ్లిపోతారు.

ఆ నడిచి వెళ్లడంలోనే ఉంది కిటుకంతా. పెద్ద కంపెనీ తన ఉద్యోగిని ఎక్కడినుంచైనా తెచ్చుకోగలదు. క్యాబులుంటాయి, బస్సులుంటాయి, లోపల క్యాంటీన్ ఉంటుంది. ఊరికి దూరంగా క్యాంపస్ కట్టుకున్నా ఇబ్బంది లేదు. స్టార్టప్‌కి అవేమీ ఉండవు. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు ఉద్యోగాలు మానేసి, దాచుకున్నదీ ఇంట్లో అడిగి తెచ్చుకున్నదీ కలిపి మొదలుపెడతారు. సంవత్సరం పాటు జీతాలూ అద్దెలూ కట్టగలిగితే అదృష్టం. ఆలోగా వాళ్ల వస్తువు నచ్చి ఎవరైనా పెట్టుబడి పెట్టాలి, లేదంటే మూత. అలాంటి కంపెనీ ఎక్కడ పెట్టాలి? రాత్రి పదింటికి పని అయ్యాక ఆడపిల్ల భయం లేకుండా నడిచి గదికి చేరే చోట. అప్పుడు కూడా ఇడ్లీయో ఎగ్ రైసో దొరికే చోట. ఉన్న ఒక్క ప్రోగ్రామరూ మానేస్తే వారంలో ఇంకొకరు దొరికే చోట.

హైటెక్ సిటీ కథ చెప్పేవాళ్లందరూ సైబర్ టవర్స్ దగ్గర మొదలుపెడతారు. అదీ నిజమే. గుండ్రంగా కట్టిన ఆ పదంతస్తుల భవనాన్ని 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి వచ్చి ప్రారంభించారు. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైందీ, మైక్రోసాఫ్ట్ తన డెవలప్‌మెంట్ సెంటర్‌ని హైదరాబాద్‌లో పెట్టిందీ ఆ ఏడే. అంతకుముందు ఈ చుట్టుపక్కల ఉన్నవి గుట్టలూ, దుర్గం చెరువూ, చందానాయక్ తండా, ఖానామెట్, ఇజ్జత్‌నగర్ లాంటి చిన్న ఊళ్లూ, 1992లో పెట్టిన శిల్పారామమూ. టవర్ ప్లాను గీసినవాళ్లు మంచి టవరే గీశారు. అందులో పనిచేసే పిల్లలు రాత్రి ఎక్కడ పడుకుంటారో మాత్రం గీయలేదు. ఆ పని గల్లీలు చేశాయి.

గల్లీలు పుట్టిన తీరు గొప్పగా చెప్పుకునేదేమీ కాదు. అయ్యప్ప సొసైటీ, దాని చుట్టుపక్కల కాలనీలు గురుకుల్ ట్రస్టు భూముల్లో లేచాయి. 600 ఎకరాలకు పైబడ్డ ఆ భూమి మీద ఏళ్ల తరబడి కోర్టు వ్యవహారాలు నడిచాయి. అనుమతి రాదు, ఇల్లు లేస్తుంది, నోటీసు వస్తుంది, ఇంకో అంతస్తు లేస్తుంది. 2014 జూన్‌లో జీహెచ్ఎంసీ వచ్చి కొన్ని కూల్చింది. 2025 జనవరిలో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి మెయిన్ రోడ్డు మీద ఒక బిల్డింగు కూల్చింది. ఇలాంటి చోట సొంతంగా ఉండాలని కొనుక్కునేవాడు జంకుతాడు, అద్దెకిచ్చుకునేవాడు జంకడు. అద్దెలకోసం కట్టినవి కాబట్టి గదులు చిన్నవి, గదికో బాత్రూము, అద్దె తక్కువ. పక్కా లేఅవుట్ ఉన్న కాలనీలో ఇంటికి నలుగురుంటే ఇక్కడ బిల్డింగుకి 100 మంది. నేను దీన్ని సమర్థించడం లేదు. ఫైరింజను మలుపు తిరగలేని గల్లీలో అంతమంది పిల్లలు పడుకుంటే నాకే నిద్రపట్టదు. రెండో మెట్లదారి ఉన్నందుకే మేం ఈ బిల్డింగు తీసుకున్నాం. కానీ జరిగింది జరిగినట్టు చెప్పుకోవాలి: హైదరాబాద్‌లో స్టార్టప్‌లకు మనుషుల్ని సప్లై చేసింది ఈ వంకర గల్లీలే.

మా పక్క బిల్డింగు రెండో అంతస్తు సంగతి చెబుతాను. 2016లో దాన్ని ఒక చిన్న కంపెనీ తీసుకుంది. పేరు వద్దు. ఊళ్లలో కిరాణా కొట్లకు సరుకు ఆర్డర్లు ఫోన్లోనే పెట్టుకునే యాప్ తయారుచేస్తున్నాం అన్నారు. మూడు పడకగదుల ఫ్లాటు అది. హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, ఒక గదిలో సర్వరు, వంటగది గట్టుమీద ప్రింటరు. గోడకి తెల్లబోర్డు కొట్టడానికి ఓనరు ఒప్పుకోలేదని బాత్రూము తలుపుకి వెనకా ముందూ తెల్ల షీటు అంటించి దానిమీదే రాసుకునేవాళ్లు. ఎవరైనా లోపలికి వెళ్తే మీటింగ్ ఆగిపోయేదట. 204-బి అమ్మాయి, సూర్యాపేట పిల్ల, అందులో చేరింది. వారం తిరిగేసరికి నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, మా ఆఫీసు తొమ్మిదిమందికి మధ్యాహ్నం భోజనం పంపిస్తారా?" అంది. పప్పు, ఒక కూర, రసం, పెరుగు. మా వంట యాదమ్మ ముందు గునిసింది. "నాకు హాస్టలోళ్లకే సరిపోతలేదక్కా, గాళ్లకెక్కడికెల్లి ఒండాలె?" అంది. తర్వాత ఆమే టిఫిన్ డబ్బాల మీద వాళ్ల పేర్లు పిల్లలచేత రాయించుకుని ఎవరికి కారం తక్కువో గుర్తుపెట్టుకుంది.

ఆ కంపెనీ ఏడాదిన్నర నడిచి మూతపడింది. చివరి రెండు నెలల జీతం ఎవరికీ రాలేదు. నా భోజనాల బాకీ కొంత వచ్చింది, కొంత రాలేదు. ఆ పిల్ల ఇంటికి ఫోన్ చేసి చెప్పలేదు. రాత్రిళ్లు మేడమీద ఆరేసిన బట్టల మధ్య కూర్చుని మిగతా పిల్లలతో మాట్లాడేది. అందులో 302 రూములో ఉండే అమ్మాయి, "మా ఆఫీసులో టెస్టింగ్‌కి మనిషి కావాలంటున్నారు, రేపు పొద్దున నాతో వచ్చెయ్" అంది. మూడు వారాలయ్యేసరికి మళ్లీ జీతంలో పడింది. ఆ కొత్త ఆఫీసు ఇక్కడికి రెండు గల్లీల అవతలే.

పుస్తకాల్లో దీన్ని ఏమని రాస్తారో గాని, నాకు అర్థమైంది ఇది: స్టార్టప్‌లో చేరడమంటే మునిగిపోవచ్చని తెలిసి పడవెక్కడం. ఊరికి దూరంగా ఒక్కటే కంపెనీ ఉన్నచోట ఎవరూ అంత ధైర్యం చెయ్యరు. ఇక్కడ ఉద్యోగం పోతే పోతుంది, మంచం పోదు. రూమ్మేట్లు పోరు. ఆ ధీమా ఉంది కాబట్టే ఇరవై మూడేళ్ల పిల్ల పెద్ద కంపెనీ ఆఫర్ వదిలేసి ఎవరూ పేరు వినని దాంట్లో చేరుతుంది. కంపెనీ పెట్టేవాడికీ అదే లెక్క. మనుషులు ఇక్కడే దొరుకుతారు కనుక అద్దె కాస్త ఎక్కువైనా ఇక్కడికే వస్తాడు. ఇప్పుడు ఫ్లాట్లకన్నా కోవర్కింగ్ స్పేసులు ఎక్కువయ్యాయి. అంటే పెద్ద హాలు, బల్లలు, ఇంటర్నెట్, కాఫీ మిషను అన్నీ ఉన్నచోట నెలకింతని సీటు అద్దెకు తీసుకోవడం. ఒక మామూలు కోవర్కింగ్ సీటుకీ, ముగ్గురుండే గదిలో భోజనంతో సహా మా మంచానికీ నెల అద్దెలో పెద్ద తేడా ఉండదు. మా ఆయనకి ఇది ఎప్పటికీ మింగుడుపడదు. "మూడుపూటలా తిండి పెట్టి, నిద్రపుచ్చి మనం తీసుకునేదీ, కుర్చీ వేసినందుకు వాడు తీసుకునేదీ ఒకటేనా?" అంటారు.

ప్రభుత్వం చేసింది లేదని కాదు. 2015 నవంబరు 5న ట్రిపుల్ ఐటీ ఆవరణలో టీ-హబ్ మొదలైంది. రతన్ టాటా వచ్చారు. 2018 మార్చి 8న ఆడవాళ్ల వ్యాపారాల కోసం వీ-హబ్ పెట్టారు. 2022 జూన్‌లో రాయదుర్గంలో టీ-హబ్ కొత్త భవనం తెరిచారు. ఐదున్నర లక్షల చదరపు అడుగులు దాటిన కట్టడం. టీ-హబ్ చేసే పని బల్లలు అద్దెకివ్వడం ఒక్కటే కాదు. పెట్టుబడి పెట్టేవాడినీ, లెక్కలు చూసేవాడినీ, ఇంతకుముందు కంపెనీ పెట్టి దెబ్బతిని లేచినవాడినీ ఒకచోట కూర్చోబెడుతుంది. ఊరినుంచి వచ్చిన కుర్రాడికి పెట్టుబడిదారుడు ఎలా ఉంటాడో తెలియదు. అక్కడ లిఫ్టులో పక్కనే నిలబడతాడు. ఈ పదేళ్లలో హైదరాబాద్ నుంచి పెద్ద పేర్లే వచ్చాయి. 2015లో మొదలైన సాఫ్ట్‌వేర్ కంపెనీ డార్విన్‌బాక్స్ 2022 జనవరిలో 100 కోట్ల డాలర్ల విలువ దాటింది. ఇస్రోలో పనిచేసిన ఇద్దరు ఇంజినీర్లు పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా 2018లో స్కైరూట్ పెట్టి, 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ఎగరేశారు. ప్రైవేటు కంపెనీ తయారుచేసిన రాకెట్ మన దేశంలో ఎగరడం అదే మొదలు. ఆ రోజు మా డైనింగ్ హాల్లో టీవీ ముందు నిలబడ్డానికి చోటు లేదు.

బెంగళూరు కోరమంగళ మనకన్నా ముందు ఈ దారిన నడిచింది. ఫ్లిప్‌కార్ట్ 2007లో అక్కడ ఒక అపార్ట్‌మెంటు ఫ్లాటులో మొదలైంది. దాని మొదటి ఆర్డరు, ఒక పుస్తకం, వెళ్లింది మన మహబూబ్‌నగర్‌కి. స్విగ్గీ 2014లో అక్కడే మొదలైంది, పెట్టినవాళ్లలో శ్రీహర్ష మాజేటి విజయవాడ అబ్బాయి. దీపావళికి హైదరాబాద్ రావడానికి బస్సు టికెట్ దొరక్క ఫణీంద్ర సామా రెడ్‌బస్ ఆలోచన చేసింది బెంగళూరులోనే. మన పిల్లలు అంతదూరం వెళ్లి పెట్టిన కంపెనీలు ఇక్కడే ఎందుకు పుట్టలేదని అప్పట్లో అందరూ అడిగేవాళ్లు. కారణాలు చాలా ఉంటాయి. నాకు తెలిసిన తేడా ఒకటి చెబుతాను. బెంగళూరులో ఇంటికి పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం చాన్నాళ్లు మామూలు. ఇక్కడ రెండు నెలలు, గట్టిగా అడిగితే మూడు. మా హాస్టల్లో అయితే ఒక నెలదే. మొదటి జీతం ఇంకా చేతికి రాని పిల్లకి ఆ తేడా చిన్నది కాదు.

2020 మార్చి మాత్రం ఈ గల్లీల బలం ఎంత పల్చటిదో చూపించింది. లాక్‌డౌన్ అనగానే చాలా హాస్టళ్లు పిల్లల్ని ఖాళీ చెయ్యమన్నాయి. పోలీస్ స్టేషన్ల ముందు ఊరెళ్లే అనుమతి పత్రాలకోసం పిల్లలు బారులు తీరారు. ఆ కాగితాలు పట్టుకుని బయల్దేరినవాళ్లు వేలమంది జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఇరుక్కుపోయారు. అటు ఆంధ్రా రానివ్వదు, ఇటు వెనక్కి రావడానికి బండి లేదు. ఆ తర్వాతే హాస్టళ్లు ఎవరినీ పంపించకూడదని ఆదేశాలు వచ్చాయి. మా దగ్గర కొందరు ముందే వెళ్లిపోయారు, మిగిలినవాళ్లని ఉండమన్నాం. వంటకి యాదమ్మ రాలేదు. బియ్యం, కందిపప్పు ఉన్నాయి, కూరగాయలు లేవు. నెల్లూరు అమ్మాయి చారు పెట్టేది, ఆదిలాబాద్ అమ్మాయి జొన్నరొట్టెలు కొట్టేది. ఆ తర్వాత అందరూ ఊళ్లకు చేరి ఇంటినుంచే పని మొదలుపెట్టారు. దాదాపు రెండేళ్లు ఈ వీధుల్లో టు-లెట్ బోర్డు లేని గేటు లేదు. కర్రీ పాయింట్లు, జిరాక్స్ షాపులు, ఇస్త్రీ బండ్లు వెళ్లిపోయాయి. మా ఆయన పెన్షన్ ఉంది కాబట్టి మేం నిలబడ్డాం. లీజుదారుల్లో నిలబడనివాళ్లే ఎక్కువ.

2022లో పిల్లలు తిరిగొచ్చారు. ముందు వచ్చినవాళ్లు ఎవరనుకున్నారు? పెద్ద కంపెనీలవాళ్లు కాదు, వాళ్లని ఇంకా ఇంటినుంచే చెయ్యమన్నారు. స్టార్టప్‌ల పిల్లలు. చిన్న కంపెనీలో పని ఒకరి భుజం మీద ఇంకొకరు తొంగిచూస్తూ జరుగుతుంది, ఫోన్లో కుదరదు అని 204-బిలో కొత్తగా చేరిన అమ్మాయి చెప్పింది. పెద్ద కంపెనీలవాళ్లు కొందరు ఇప్పుడు వారంలో మూడు రోజులకి వస్తున్నారు. "ఆంటీ, మంగళ, బుధ, గురువారాలకే మంచం ఇస్తారా?" అని అడుగుతున్నారు. ఇవ్వను. మిగతా నాలుగు రోజులు ఆ మంచం నేనేం చేసుకోను?

లెక్కలు చూస్తే కళ్లు తిరుగుతాయి. 2014లో తెలంగాణలో ఐటీ ఉద్యోగులు 3.23 లక్షలు; 2022-23 నాటికి 9.05 లక్షలని ప్రభుత్వం ప్రకటించింది. అందులో ఎక్కువభాగం ఈ పడమటి వైపే. 2019లో మెట్రో ముందు హైటెక్ సిటీకి, ఆ నవంబరులో రాయదుర్గానికి వచ్చింది. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచారు. మెట్రో వచ్చాక అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్‌లలో కోర్సులు చేసే పిల్లలు ఉద్యోగం వచ్చినా గది మారడం మానేశారు. నాకు అది కొంత నష్టమే. అయినా రాత్రి ఎనిమిదింటికి రాయదుర్గం స్టేషన్ మెట్లమీద నిలబడి ఆ జనాన్ని చూస్తే మెట్రో వద్దనలేం.

అసలు సమస్య అద్దెలు. మా బిల్డింగు ఓనరు లీజు రెన్యువల్‌కి వచ్చినప్పుడల్లా కొత్తగా కట్టిన టవర్ల పేర్లు చెబుతాడు. దాంతో నేను మంచానికి పెంచుతాను, పిల్లలు కొండాపూర్, మియాపూర్ వైపు చూస్తారు. మధ్యలో 2023లో హాస్టళ్ల మీద 12 శాతం జీఎస్టీ పడుతుందన్నారు. 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ నెలకు మనిషికి 20 వేల లోపు తీసుకుంటే, కనీసం 90 రోజులు వరసగా ఉంటే పన్ను లేదని తేల్చింది. లేకపోతే అదీ పిల్లల నెత్తినే పడేది. పెద్ద కంపెనీలు నానక్‌రామ్‌గూడ, కోకాపేట వైపు వెళ్తున్నాయి. అమెజాన్ 2019లో నానక్‌రామ్‌గూడలో 18 లక్షల చదరపు అడుగుల క్యాంపస్ కట్టింది. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వం వేలం వేస్తే ఎకరం 100 కోట్లు దాటింది. అంత పోసి కొన్న నేల మీద నలుగురుండే గది ఎవరు కడతారు? అక్కడ కొత్త టవర్ల మధ్య సాయంత్రం మా ఆయనా నేనూ తిరిగొచ్చాం. రోడ్లు వెడల్పుగా, శుభ్రంగా ఉన్నాయి. టీ తాగాలంటే మాత్రం కారెక్కాలి. అలాంటిచోట పదిమంది కంపెనీ బతకదని నా నమ్మకం. అది ఇంకా ఈ గల్లీల్లోనో, ఈ గల్లీల్లాంటివి పుట్టేచోటనో ఉంటుంది.

ఇప్పుడు ఊళ్లలోనూ ఈ ఊపు వచ్చింది. కరీంనగర్, ఖమ్మంలలో 2020లో ఐటీ టవర్లు తెరిచారు, తర్వాత మహబూబ్‌నగర్, నిజామాబాద్. 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్ టాటా పేరిట ఇన్నొవేషన్ హబ్ ప్రారంభించారు. గుంటూరులో ఉండే మా అక్క కొడుకు మొన్న ఫోన్ చేశాడు. మంగళగిరిలో వాడికి 300 గజాల స్థలం ఉంది. "పిన్నీ, ఆఫీసులకి అద్దెకిచ్చేలా అద్దాల బిల్డింగు వేద్దామనుకుంటున్నా" అన్నాడు. ఒరేయ్, హాస్టల్ వెయ్యి అన్నాను. నలుగురికి ఒక బాత్రూము, అంతకు మించొద్దు. గీజరు సోలార్‌ది పెట్టు. వైఫై రూటరు అంతస్తుకి ఒకటి, లేకపోతే పిల్లలు మెట్లమీద కూర్చుంటారు. ఇన్వర్టరు పెద్దది. రెండో మెట్లదారి కచ్చితంగా ఉండాలి, దానికి చోటు పోతుందని ఏడవకు. గేటు రాత్రి పదకొండు దాకా తెరిచుంచు, భోజనం కూడా అప్పటిదాకా హాట్‌బాక్సులో ఉంచు. కింద రెండు షట్టర్లు వేసి ఒకటి కర్రీ పాయింటుకి, ఒకటి జిరాక్స్ షాపుకి ఇవ్వు. ఆఫీసులు అడిగితే మొదటి అంతస్తు ఇద్దువుగాని, అడ్వాన్సు మాత్రం రెండు నెలలకి మించి అడగొద్దు అన్నాను. వాడు అన్నీ రాసుకుని, "మంచాలు ఇనపవా చెక్కవా పిన్నీ?" అన్నాడు. ఇనపవి, నల్లులు అంత తొందరగా చేరవు.